ఊపిరితిత్తుల పరీక్షలో ‘నార్మల్’ ఎవరిని చూసి రాశారు?

స్పైరోమెట్రీ, అంటే యంత్రంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష, చేయించుకున్నవారి చేతికి వచ్చే రిపోర్టులో పక్కపక్కనే మూడు అంకెలు ఉంటాయి. మొదటిది ఆ మనిషి ఊదిన గాలి, రెండోది అదే వయసు, అదే ఎత్తు గల ఆరోగ్యవంతులు సగటున ఊదేది, మూడోది మొదటిది రెండోదానిలో ఎంత శాతమో చెప్పేది. డాక్టరు చూపైనా రోగి చూపైనా ముందుగా పడేది మూడోదాని మీదే. మొదటి అంకెను యంత్రం మన కళ్లముందే కొలుస్తుంది. రెండోది మాత్రం ఎప్పుడో, ఎక్కడో కొందరు ఆరోగ్యవంతులను కొలిచి కట్టిన సమీకరణం నుంచి వస్తుంది. ఒక మనిషి మొదటి సెకనులో 2.40 లీటర్లు ఊదారనుకుందాం. యంత్రంలోని సమీకరణం 3.00 లీటర్లు రావాలంటే రిపోర్టులో 80 శాతం అని పడుతుంది. వేరొక సమీకరణం 2.55 చాలంటే అదే ఊపిరి 94 శాతం అవుతుంది. ఊపిరితిత్తుల్లో ఏ మార్పూ లేకుండానే మనిషి జబ్బు అంచు నుంచి ఆరోగ్యంలోకి వచ్చేస్తారు.

ఈ పరీక్షలు చేసే వృత్తిలో ఉండి, ఒక జనాభాకు ప్రామాణిక విలువలు కట్టే అధ్యయనంలోనూ పనిచేసినందువల్ల నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. ఈ పనిలో అందరూ భయపడే గణితం నిజానికి తేలికైన భాగం. ఎవరిని ‘ఆరోగ్యవంతులు’ అని లెక్కలోకి తీసుకుంటామన్నదే ఫలితాన్ని చాలావరకు ముందే నిర్ణయించేస్తుంది.

మొదట ఈ లెక్క వేసినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ హచిన్సన్ అనే వైద్యుడు. 1846లో ఆయన తాను తయారు చేసిన స్పైరోమీటరుతో నావికులు, పోలీసులు, సైనికులు, మల్లయోధులు, ఇలా రెండు వేల మందికి పైగా కొలిచి, ఎత్తు ఒక్కో అంగుళం పెరిగిన కొద్దీ ఊదగలిగే గాలి ఎనిమిది ఘనపు అంగుళాల చొప్పున పెరుగుతుందని చూపాడు. మొదటి సెకనులో ఊదిన గాలిని, అంటే నేడు ఎఫ్‌ఈవీ1 అని పిలుస్తున్న కొలతను, ఫ్రాన్సులో టిఫ్నో అనే పరిశోధకుడు 1947లో ముందుకు తెచ్చాడు. ఎత్తు, వయసు, స్త్రీపురుష భేదం అనే మూడింటి మీద సమీకరణం కట్టే పద్ధతి మాత్రం నేటికీ మారలేదు.

మా అధ్యయనంలో చేర్చుకోవడానికి పెట్టిన నిబంధనలు వినడానికి సులువుగానే ఉంటాయి: ఎన్నడూ పొగ తాగి ఉండకూడదు, ఉబ్బసం గానీ క్షయ గానీ గుండె జబ్బు గానీ వచ్చి ఉండకూడదు, దీర్ఘకాలపు దగ్గు, పిల్లికూతలు ఉండకూడదు, ఇటీవల జలుబు చేసి ఉండకూడదు. ఫారం నింపడం మొదలుపెట్టాక గానీ చిక్కు బయటపడదు. యాభై ఏళ్ల స్త్రీని “పొగ తాగే అలవాటు ఉందా అమ్మా?” అని అడిగితే “అయ్యో, లేదు” అంటుంది. ఆ గడిలో ‘లేదు’ అని రాసి తదుపరి ప్రశ్నకు వెళ్లిపోతే ఆమె ఆరోగ్యవంతురాలి కిందే లెక్క. “వంట దేని మీద చేస్తారు?” అని ఇంకొక ప్రశ్న వేస్తే, ముప్పై ఏళ్లుగా కిటికీ లేని వంటింట్లో కట్టెల పొయ్యి ఊదుతోందని తెలుస్తుంది. ఆమెను తీసుకుంటే పొగ చేసిన నష్టం సమీకరణంలో కలిసిపోయి ‘నార్మల్’గా అచ్చవుతుంది, రేపు అలాంటి పొగతోనే ఊపిరి తగ్గిన మరో స్త్రీ వస్తే యంత్రం ఆమెకు ఏమీ లేదంటుంది. తీసుకోకపోతే, కొన్ని జనాభాల్లో నలభై దాటిన స్త్రీలు శాంపుల్‌లో దాదాపు మిగలరు.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయని నా ఉద్దేశం. ఈ మనుషులు ప్రస్తుతం ఎలా ఉన్నారన్నది ఒకటి. అడ్డంకులేవీ లేకపోతే ఎలా ఉండగలిగేవారన్నది మరొకటి. పిల్లల ఎదుగుదల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తేడాను స్పష్టంగా పాటించింది. 2006లో వెలువరించిన ఎదుగుదల ప్రమాణాల కోసం బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాలలో తల్లిపాలు తాగుతూ, తల్లి పొగ తాగని ఇళ్లలో, మంచి పరిస్థితుల్లో పెరుగుతున్న పిల్లలనే ఎంచుకుని, ‘పిల్లలు ఇలా ఎదగాలి’ అన్నదాన్ని రాసింది. ఊపిరితిత్తుల సమీకరణాల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్నకు సమాధానం చెబుతూ రెండోదానికి చెప్పినట్టు చలామణి అవుతున్నాయి. పొగకు లోనైనవారిని కూడా కొలవాలి, కానీ వారిని వేరే వరుసలో ఉంచి, శాంపుల్ చిన్నదైనా సరే సమీకరణాన్ని మిగతావారితోనే కట్టాలన్నది నేను ఎంచుకునే దారి.

మనుషులను ఎక్కడి నుంచి తెస్తామన్నదీ చిన్న విషయం కాదు. ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులూ, వైద్య విద్యార్థులూ, సిబ్బందీ చేతికి దొరికే శాంపుల్. బంధువులు రోగి పీల్చిన గాలినే పీల్చినవారు. విద్యార్థులందరూ ఇరవై చుట్టూ ఉన్నవారు. ఇల్లిల్లూ తిరిగి తీసిన శాంపుల్‌కు ఇది సాటిరాదు, ఖర్చు తక్కువన్న ఒక్క సుగుణం తప్ప.

వయసు రెండు కొసలా మరిన్ని ఇబ్బందులున్నాయి. కౌమారంలో ముందు కాళ్లు సాగుతాయి, ఛాతీ తర్వాత పెరుగుతుంది; అందువల్ల ఎత్తును బట్టి లెక్కగడితే ఏడాది రెండేళ్ల పాటు కుర్రవాడి ఊపిరి తక్కువగా కనిపిస్తుంది. పిల్లలకొక సమీకరణం, పెద్దలకొక సమీకరణం వాడిన రోజుల్లో పద్దెనిమిదో పుట్టినరోజున ఒక్కసారిగా శాతం మారిపోయేది. అటు వృద్ధాప్యంలో, జబ్బులేవీ లేని ఎనభై ఏళ్లవారిని వెతికితే దొరికేది మృత్యువునూ జబ్బులనూ తప్పించుకుని నిలిచిన కొద్దిమంది గట్టివారే. పైగా వారు పెరిగిన కాలపు తిండీ, సోకిన అంటురోగాలూ నేటి యువకులవి కావు. అందరినీ ఒకే ఏడాది కొలిచి, ఇరవై ఏళ్లవారికీ డెబ్బై ఏళ్లవారికీ మధ్య కనిపించిన తేడా అంతా వయసు వల్లే తగ్గిందని చెప్పడం తొందరపాటు; అందులో తరాల తేడా కూడా ఉంది.

కొలతలో జాగ్రత్త గురించి క్లుప్తంగా చెబుతాను, నియమాలు స్పష్టంగానే ఉన్నాయి కనుక. రోజూ మూడు లీటర్ల సిరంజితో యంత్రాన్ని సరిచూడాలి. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి ఎత్తు తీయాలి. నోటిమాటగా చెప్పిన ఎత్తును రాసుకోకూడదు. ముక్కుకు క్లిప్ పెట్టి, నిండా గాలి పీల్పించి, “ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి, ఆపకండి” అని చివరిదాకా అరుస్తూనే ఉండాలి. సరైన ఊదులు కనీసం మూడు రావాలి, వాటిలో పెద్దవి రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లకు మించకూడదు. సిగ్గుపడి నవ్వేవారు, పెదవుల సందు నుంచి గాలి వదిలేవారు, సగంలో ఆపేవారు ఉంటారు. ఊదించేవారికి ఓపిక లేకపోతే అలాంటి సగం ఊదులు కూడా ఆ జనాభా ఊపిరి తక్కువన్న శాస్త్రీయ ఫలితంగా తేలతాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 2012లో వచ్చిన జీఎల్‌ఐ (గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనిషియేటివ్ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం) సమీకరణాల సముదాయం. 26 దేశాల నుంచి 74 వేల మందికి పైగా పొగతాగని ఆరోగ్యవంతుల కొలతలతో, మూడేళ్ల నుంచి తొంభై అయిదేళ్ల వరకు తెగని గీతగా కట్టారు. అందులో శ్వేతజాతీయులు, ఆఫ్రికన్ అమెరికన్లు, ఈశాన్య ఆసియా, ఆగ్నేయ ఆసియా వారు అని నాలుగు వర్గాలు చేసి, మిగిలినవారికి ఒక సగటు సమీకరణం ఇచ్చారు. భారత ఉపఖండానికి విడిగా ఏదీ లేదు. ఇలాంటి విభజన ఎంత ప్రమాదకరమో 1999లో అమెరికాలోని బాల్టిమోర్‌లో తెలిసింది: ఆస్బెస్టాస్ వల్ల ఊపిరి దెబ్బతిన్నదని దావా వేసిన నల్లజాతి కార్మికులకు పరిహారం దక్కాలంటే, తెల్లవారికన్నా ఊపిరి ఇంకా ఎక్కువగా తగ్గి ఉండాలని కంపెనీ తరఫువారు వాదించారు. ‘మీకు పుట్టుకతోనే తక్కువ’ అన్న లెక్క అక్కడ నష్టాన్ని మాయం చేసే సాధనమైంది. దరిమిలా జాతి భేదం లేని ‘జీఎల్‌ఐ గ్లోబల్’ సమీకరణం వచ్చింది. 2023లో ఊపిరితిత్తుల నిపుణుల సంఘమైన అమెరికన్ థొరాసిక్ సొసైటీ దాన్నే సూచించింది. మొండెం, కాళ్ల నిష్పత్తి వంటి శరీర నిర్మాణపు తేడాలు జనాభాల మధ్య ఉన్న మాట నిజమే, కానీ కనిపించే తేడాలో అవి వివరించేది కొంత భాగాన్నే.

అలాగని ప్రతి ప్రాంతమూ కొత్త సమీకరణం కట్టుకోనక్కరలేదు. ఉన్న సమీకరణం సరిపోతుందో లేదో చూడడానికి కనీసం 150 మంది పురుషులు, 150 మంది స్త్రీలు కావాలని ఈ రంగంలోని నిపుణులు చెప్పారు. అంతకన్నా తక్కువైతే కనబడిన తేడా యాదృచ్ఛికమే కావచ్చు. ఆరోగ్యవంతుల్లో సహజంగా ఉండే హెచ్చుతగ్గులతో పోల్చి, ఒక మనిషి కొలత సమీకరణం చెప్పిన సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకెను జెడ్ స్కోరు అంటారు. ఆ మూడు వందల మంది జెడ్ స్కోర్ల సగటు సున్నాకు దగ్గరగా ఉంటే కొత్త సమీకరణం అక్కరలేదు. ఇక 80 శాతం కన్నా తగ్గితే జబ్బు అన్న గీతను మరచిపోవడమే మంచిది. ఆరోగ్యవంతుల్లో అట్టడుగు 5 శాతాన్ని వేరుచేసే మైనస్ 1.64 జెడ్ స్కోరును హద్దుగా పెట్టుకుంటే, ముదిమిలో సహజంగా ఎక్కువయ్యే హెచ్చుతగ్గులు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ హద్దు కింద కూడా ప్రతి ఇరవై మంది ఆరోగ్యవంతుల్లో ఒకరు ఉంటారు కనుక, దగ్గూ ఆయాసమూ లేని మనిషికి ఆ ఒక్క అంకెతో జబ్బు అంటగట్టకూడదు.

ల్యాబులవారిని నేను కోరేది ఒకటే: ఏ సమీకరణం వాడారో రిపోర్టు మీద పేరుతో సహా అచ్చు వేయండి. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు సమీకరణం కూడా చడీచప్పుడు లేకుండా మారిపోతుంది. గత ఏడాది 88 శాతం ఉన్న రోగి ఈసారి 79కి పడిపోయారని ఇన్‌హేలర్ డోసు పెంచేముందు, రెండు రిపోర్టుల్లోని లీటర్లను పక్కపక్కన పెట్టి చూడాలి.