చాయ్ డబ్బాను కోళ్ల షెడ్డు చేద్దామని తెస్తుంటే రోడ్డు మీద దొంగను చేశారు

రిటైరయ్యాక నాటుకోళ్లు పెంచాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. మేడారం జాతర ముందు మా వైపు నాటుకోడి రేటు ఎట్లా ఎగురుతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కొత్తగా రేకుల షెడ్డు వేయించాలంటే పైపులు, రేకులు, కూలి కలిపి వెల్డర్ చెప్పిన లెక్క విని కోళ్ల మీదే విరక్తి పుట్టింది. అప్పుడు తెలిసింది, హన్మకొండలో మూతపడ్డ ఒక చాయ్ డబ్బా, అంటే రోడ్డు పక్క పెట్టే ఇనుప కొట్టు, అమ్మకానికి ఉందని. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, కింద మందపాటి ఇనుప షీటు, ముందు పైకి లేపే తలుపు. తుక్కుకు వేస్తే వచ్చేదానికంటే కొంచెం ఎక్కువకు, 14 వేలకు బేరం తెగింది. తాళంచెవి ఎక్కడో పడిపోయింది, వెతికి ఇస్తానన్నాడు అమ్మినాయన. సరే, అది చేతికొచ్చాకే చివరి వెయ్యి అన్నాను. వ్యాపారంలో ఇది మామూలే కదా.

ఎత్తడం తేలికే. హైడ్రా క్రేన్ వచ్చి, బెల్టు వేసి, చాయ్ తాగినంత సేపట్లో డబ్బాను ట్రాక్టర్ ట్రాలీలో పెట్టేసింది. కిరాయి మాత్రం గంటకు తక్కువైతే కుదరదట. హైడ్రా వాళ్లు దేశంలో అందరికంటే సుఖపడే జాతి అని నా అభిప్రాయం.

ములుగు రోడ్డు పట్టుకుని గూడెప్పాడ్ దగ్గర పరకాల వైపు తిరిగితే మా ఊరు ఎంతో దూరం లేదు. ఎండ ముదరకముందే చేరిపోతామనుకున్నాం. దారిలో ఒక చోట (ఎక్కడో చెప్పను, రోజూ అటే తిరగాలి) పోలీసులు బండ్లు ఆపుతున్నారు. మా ట్రాక్టర్‌ను చూడగానే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ డబ్బా ఏడికెల్లి ఎత్తుకొస్తున్నరు?"

కొన్నది సార్ అన్నాను. కాగితం చూపించమన్నాడు. చాయ్ డబ్బాకు కాగితం ఎవడిస్తాడండీ? దానికేమన్నా ఆర్‌సీ ఉంటుందా, ఇంజిన్ నంబరుంటుందా? రోడ్ల పక్క డబ్బాలు రాత్రికి రాత్రి పోతున్నాయని కంప్లైంట్లు వచ్చాయట. తెల్లారగట్ల ట్రాక్టర్ మీద డబ్బా కనిపిస్తే ఆయనకు నేనే ఆ ముఠా నాయకుడిలా కనిపించాను. అమ్మినాయనకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మళ్లీ చేశాను, స్విచ్చాఫ్. "ఆ, స్విచ్చాఫే ఉంటది" అని ఆయన ఒక నవ్వు నవ్వాడు చూడండి, ఆ నవ్వు ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేశాను. క్యాష్‌లో ఒక్క రూపాయి తేడా వచ్చిందని, ఒక్క ప్యాసింజర్‌కు టికెట్ కొట్టకుండా వదిలేశానని నా మీద కేసు లేదు. అంతమందిని టికెట్ అడిగినవాడిని రోడ్డు పక్కన నిలబెట్టి నీ టికెట్ ఏదిరా అన్నట్టే ఉంది. ట్రాక్టర్ డ్రైవరేమో నేనెవరో తెలియనట్టు దూరంగా పోయి బీడీ ముట్టించుకున్నాడు.

బస్సుల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు, అందులో సగం మంది నాకు తెలిసినవాళ్లే. అది చాలదన్నట్టు మా వియ్యంకుడు, ఆయన భార్య ఏదో పెళ్లికి పోతూ సరిగ్గా అక్కడే స్కూటర్ ఆపారు. "ఏం బావా, పింఛన్ సరిపోతలేదా, చాయ్ హోటల్ పెడుతున్నవా?" అని ఆయన. పక్కన పోలీసును చూశాక నవ్వు ఆపి, "ఏమన్నా లొల్లా?" అని గొంతు తగ్గించాడు. ఆ రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఏం లేదు బావా, మీరు పోండి, ముహూర్తం దాటిపోతది అని పంపించాను. సాయంత్రానికి మా కోడలికి, అక్కడి నుంచి మా ఇంట్లో అందరికీ వార్త చేరిపోయింది.

చివరికి గట్టెక్కించింది ఆ డబ్బానే. దాని పక్క రేకు మీద పొగ మసి కింద 'చాయ్ 6, బన్ 10, అప్పు రేపు' అని ఎర్ర రంగుతో రాసి ఉంది. దాని కింద సగం చెరిగిన ఫోన్ నంబరు. నేను తువ్వాలతో తుడిస్తే అంకెలు బయటపడ్డాయి. పోలీసాయన తన ఫోన్ నుంచే కొట్టి స్పీకర్ పెట్టాడు. అమ్మినాయన భార్య ఎత్తింది. "మా డబ్బానే సారూ, అమ్మినం. ఆ సారు ఇంకా మాకు వెయ్యి రూపాయలు బాకీ. ఇయ్యకుండనే తీస్కపోయిండు, గట్టిగ అడుగుండ్రి!"

స్పీకర్‌లో, పది మంది ముందర!

తాళంచెవి సంగతి చెప్పబోతే వినేదెవరు? "ముందు ఆమె వెయ్యి కొట్టు పెద్దమనిషీ" అన్నాడు. అక్కడే ఫోన్‌పే చేశాను. డబ్బులు పడ్డాయని ఆమె చెప్పాకే ట్రాక్టర్ కదిలింది.

కాబట్టి ఇట్లాంటిది కొనేవాళ్లు, ఎంత సిగ్గుగా ఉన్నా సరే, తెల్లకాగితం మీద అమ్మినవాడి సంతకం, ఆధార్ జిరాక్స్ తీసుకోండి. అమ్మినవాడిని డబ్బా ముందు నిలబెట్టి ఒక ఫోటో కూడా దిగండి. పోలీసులకు కాగితం మీద ఉన్న నమ్మకం మనిషి ముఖం మీద ఉండదు.

ఊళ్లో మా గల్లీలో సర్వీసు వైర్లు కిందికి వేలాడుతున్నాయి. లైన్‌మన్‌కు ముందే చెప్పాను, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని సప్లై ఆపాడు, మంచి మనిషి. కొందరు కర్రతో వైర్లు లేపి బండి దాటిస్తారు, ఆ పని చేయకండి, పాత వైర్లకు పైన తొడుగు ఎక్కడ పోయిందో కనబడదు. దించేటప్పుడు హైడ్రాను మళ్లీ పిలిచే ఓపిక లేక, ట్రాలీకి రెండు దూలాలు ఆనించి, కింద జీఐ పైపులు పరిచి, వాడకట్టు కుర్రాళ్లు గడ్డపారలతో దొర్లించారు. వాళ్లకు కల్లు పోయించాను. హైడ్రా కంటే చవక.

మా మేనకోడలు మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. పగలంతా బయట తిరిగే కోళ్లకు రాత్రి పడుకోవడానికి ఒక్కోదానికి ఒకటిన్నర చదరపు అడుగుల చోటు ఉంటే సరిపోతుందంది. ఆ లెక్కన ఇందులో ఇరవై కోళ్లు హాయిగా పడతాయి. ముందు తలుపు కోయించి అరంగుళం కన్నాల వెల్డింగ్ జాలి బిగించాను. షాపువాడు అంటగట్టే పలచటి కోళ్ల జాలి కొనకండి, కుక్క ఒక్కసారి పళ్లు పెడితే చిరిగిపోతుంది. కన్నాలు పెద్దవైతే ఇక పాముకు అడ్డే లేదు. ఇనుప డబ్బా మన ఎండల్లో పెనం కదా, అందుకే వేపచెట్టు కింద పెట్టించి, పైన సున్నం కొట్టించి, దాని మీద వరిగడ్డి కప్పాను. లోపల మూడంగుళాల మందం ఊక పోశాను. తడిస్తే తీసి ఎండినది వేయాలి, లేకపోతే ఘాటు వాసనకు కోళ్ల కళ్లు పోతాయట.

కోడిపిల్లలు రాజశ్రీ రకం చెప్పి పెట్టాను. కొక్కెర తెగులుకు మొదటి వారంలోనే కంట్లో లసోటా టీకా చుక్కలు వేయాలి. మందు తెచ్చేటప్పుడు ఐసు పెట్టి తేవాలని, ఎండలో సంచిలో వేసుకొస్తే నీళ్లు వేసినట్టేనని మేనకోడలు ఒకటికి పదిసార్లు చెప్పింది.

తాళంచెవి మాత్రం ఇంకా రాలేదు. అమ్మినాయన ఫోన్ ఇప్పటికీ స్విచ్చాఫే. రేకు మీది నంబరుకు చేస్తే ఆమె ఎత్తుతుంది, కానీ ఆమెతో మాట్లాడే ధైర్యం నాకు లేదు. కట్టర్‌తో కోయించి కొత్త గొళ్లెం పెట్టించాను.