డెబ్బై రెండో దిబ్బలో తిండి జాడలు

సెయింట్ లూయిస్ చూడవచ్చిన చుట్టాలందరినీ నేను నది ఒడ్డున ఉన్న ఆర్చి దగ్గరికి తీసుకువెళ్లి పంపేస్తుంటాను. ఈసారి మాత్రం మామయ్యను మిసిసిపీ దాటించి, ఇల్లినాయ్ వైపున్న కహోకియా దిబ్బలకు తీసుకువెళ్లాను. దాదాపు 30 మీటర్ల ఎత్తున్న మట్టిదిబ్బ ఎక్కాక, క్రీ.శ. 1050 నుంచి 1200 దాకా మెక్సికోకు ఉత్తరాన ఇంత పెద్ద పట్టణం మరొకటి లేదని చెప్పాను. జీవితమంతా వ్యవసాయం చేసిన ఆయన "ఇంతమందికి తిండి ఎక్కడిదిరా? అసలు వీళ్లంతా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?" అని అడిగారు. లిపి లేని ఆ సమాజం గురించి పరిశోధకులు కొన్ని దశాబ్దాలుగా ఎముకలనూ పళ్లనూ అడుగుతున్నది సరిగ్గా ఈ రెండు ప్రశ్నలే.

మామయ్యకు నేను జొన్నరొట్టెతో మొదలుపెట్టి చెప్పాను. ప్రకృతిలోని కార్బన్‌లో నూటికి సుమారు ఒక వంతు కార్బన్-13 అనే కాస్త బరువైన రకం ఉంటుంది. వరి, గోధుమ, కందివంటి మొక్కలు గాలి నుంచి కార్బన్‌ను తీసుకునేటప్పుడు ఈ బరువైన రకాన్ని చాలావరకు వదిలేస్తాయి. జొన్న, సజ్జ, రాగి, చెరకు, మొక్కజొన్న అంతగా వదలవు. ప్రామాణిక నమూనాతో పోల్చి వెయ్యికి ఇన్ని వంతులని లెక్కగడితే మొదటి జట్టు మైనస్ 26 దగ్గర, రెండో జట్టు మైనస్ 12 దగ్గర నిలుస్తాయి. తిన్నదే ఒళ్లవుతుంది కనుక, అన్నం మీద బతికినవారికీ జొన్న మీద బతికినవారికీ మధ్య ఈ తేడా ఎముకలోనూ మిగిలిపోతుంది.

ఉత్తర అమెరికా తూర్పు భాగంలో ఈ పద్ధతి ఇంత చక్కగా పనిచేయడానికి కారణం అక్కడి పాత తిండి. పొద్దుతిరుగుడు, గుమ్మడి, చక్రవర్తికూర జాతి మొక్కల గింజలు, ఆకులు మేసే జింకలు అన్నీ మొదటి జట్టువే కావడంతో, మెక్సికో నుంచి వచ్చిన మొక్కజొన్న భోజనంలో చేరగానే ఎముకలో అంకె మారిపోతుంది. 1977లో వోగెల్, వాన్ డెర్ మెర్వే అనే పరిశోధకులు న్యూయార్క్ ప్రాంతపు ఎముకలలో ఈ మార్పును చూపించారు. కహోకియా ప్రాంతంలోనైతే మొక్కజొన్న చాలా ముందే వచ్చిందని అనుకునేవారు కానీ, ప్రజలు దాన్ని చెప్పుకోదగ్గంతగా తినడం మొదలైంది క్రీ.శ. 900 తరువాతేనని ఎముకలు తేల్చాయి. (ఇక్కడ మొక్కజొన్న మేపిన కోడిని ఏళ్ల తరబడి తింటున్న నా జుట్టును పరీక్షిస్తే, పళ్లెంలో కంకి కనిపించకపోయినా ఆ జాడ బయటపడుతుంది.)

నన్ను బాగా ఆలోచింపజేసింది కహోకియాలోని డెబ్బై రెండో దిబ్బ. 1967–71 మధ్య పురావస్తు పరిశోధకుడు మెల్విన్ ఫౌలర్ జరిపిన తవ్వకాల్లో అందులో 270 మందికి పైగా అవశేషాలు బయటపడ్డాయి. ఒకచోట వేలాది గవ్వపూసలు పరిచి కొందరిని గౌరవంగా పడుకోబెట్టారు. మరోచోట ఒకే గోతిలో 53 మందిని, అత్యధికులు పడుచు ఆడవాళ్లే, వరుసలుగా పేర్చారు. ఆంబ్రోజ్, బ్యూయిక్‌స్ట్రా, క్రూగర్ 2003లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, గోతిలోని ఆడవాళ్లు పూసల మధ్య ఉన్నవారికంటే మొక్కజొన్న ఎక్కువగా, మాంసం తక్కువగా తిన్నారు. మాంసం సంగతి నైట్రోజన్‌లోని బరువైన రకం, నైట్రోజన్-15, చెబుతుంది: మొక్క నుంచి దాన్ని తినే జంతువుకు, ఆ జంతువు నుంచి దాన్ని తినేవారికి, ఇలా ఆహారపు మెట్టు ఒకటి ఎక్కినప్పుడల్లా అది వెయ్యికి మూడు నాలుగు వంతులు పెరుగుతుంది. ఎముకలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తి ప్రధానంగా తిండిలోని మాంసకృత్తుల నుంచి తయారవుతుంది కనుక, పిండిపదార్థమే ఎక్కువైన మొక్కజొన్నను తక్కువ చేసి చూపిస్తుంది. అందుకే వారు మొత్తం భోజనాన్ని ప్రతిబింబించే ఖనిజభాగాన్ని కూడా కొలిచారు.

పేదతిండి తిన్న ఈ ఆడవాళ్లను దూరప్రాంతాల నుంచి కప్పంగా తెచ్చి ఉంటారన్న ఊహ చాలాకాలం నడిచింది. అయితే తిండి వేరు, పుట్టిన ఊరు వేరు. రెండోదాన్ని తేల్చాలంటే స్ట్రాన్షియం అనే మూలకం కావాలి. రాళ్ల వయసును, రకాన్ని బట్టి మట్టిలో స్ట్రాన్షియం-87, 86 నిష్పత్తి మారుతుంది. నీటి ద్వారా, పంట ద్వారా అది పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్‌లో చేరుతుంది. ఎముక జీవితకాలమంతా కొత్తబడుతూనే ఉంటుంది కానీ, చిన్నతనంలో ఏర్పడిన ఎనామెల్ మళ్లీ మారదు. 2014లో వెలువడిన అధ్యయనం కహోకియాలో సుమారు మూడో వంతు మంది బయటినుంచి వచ్చినవారేనని చెప్పింది. మరుసటి ఏడాది డెబ్బై రెండో దిబ్బలోని సామూహిక ఖననాల పళ్లను చూస్తే, చాలామంది విలువలు మాత్రం స్థానిక పరిధిలోనే ఉన్నాయి. అలాగని వాళ్లంతా అక్కడే పుట్టారని ఖాయం కాదు, ఎందుకంటే అలాంటి మట్టే ఉన్న మరో నదీలోయ కూడా అదే అంకెను ఇస్తుంది. స్ట్రాన్షియం "ఇక్కడివాడు కాడు" అన్నంత ధైర్యంగా "ఫలానా ఊరివాడు" అని చెప్పలేదు. ఈ పరిమితిని మరిచి గీసిన వలసల పటాలను నేను నమ్మను.

దిబ్బ దిగుతుండగా మామయ్య, పరీక్ష కోసం పంటిని ఏం చేస్తారని అడిగారు. కొంత భాగాన్ని గీకి పొడి చేస్తారని చెప్పాను. "వాళ్ల వారసులను అడిగారా?" అన్నారు. ఫౌలర్ తవ్విన రోజుల్లో అడగాలన్న సమాఖ్య చట్టమే లేదు. ఆదివాసుల అవశేషాలను వారి తెగలకు తిరిగి అప్పగించాలన్న చట్టం 1990లో వచ్చింది. వాటి మీద పరిశోధనకు ముందుగా ఆ తెగల సమ్మతి తీసుకోవాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2024 జనవరిలో.