చేతుల మీద నీళ్లు పోసినోడు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా దగ్గర ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేసిన పిల్లోడు మొన్న ఆదివారం సాయంత్రం బస్సెక్కి పోయినాడు, అప్పట్నుంచి ఇల్లు బోసిగా ఉంది, ఆ బోసిలోనే కూర్చొని ఇది టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకొని చదువుకోండి. నేను ప్రసంగాలు చెప్పేదాన్ని కాదు, అనంతపురం దగ్గర ఒక చిన్న సంఘంలో పాస్టరమ్మను, అంటే వంట, సండే స్కూలు, స్త్రీల కూడిక, మళ్ళీ వంట. కానీ ఒక వచనం ఈ ఆరు నెలలూ నన్ను పట్టుకొని వదల్లేదు.

2 రాజులు 3:11. కథ మీకు తెలిసే ఉంటుంది. ఇశ్రాయేలు రాజు, యూదా రాజు, ఎదోము రాజు ముగ్గురూ కలిసి మోయాబు మీదికి బయల్దేరి, ఏడు రోజులు చుట్టుదారిన తిరిగి తిరిగి, చివరికి సైన్యానికీ వెంట ఉన్న పశువులకీ చుక్క నీళ్లు లేకుండా ఇరుక్కుపోయినారు. మన జిల్లా వాళ్ళకి ఈ సీను విడమర్చి చెప్పక్కర్లేదు కదా, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా పడితే పడినట్టు, బజార్లో వాటర్ ట్యాంకర్ హారన్ వినపడితే ప్రార్థనలో ఉన్నోళ్ళు కూడా ఒక కన్ను తెరుస్తారు, నేనే తెరిచినా. అప్పుడు యెహోషాపాతు అడుగుతాడు, యెహోవా ప్రవక్త ఒక్కడైనా ఇక్కడ లేడా అని. దానికి జవాబు చెప్పింది ఒక నౌకరు. "ఏలీయా చేతులమీద నీళ్లుపోయుచు వచ్చిన షాపాతు కుమారుడైన ఎలీషా ఇక్కడ నున్నాడు."

అప్పటికే ఎలీషా తన గురువు ఏలీయా ప్రవక్త దుప్పటితో యొర్దాను నీళ్లని కొట్టి పాయలు చేసినాడు, యెరికోలో చెడ్డ నీళ్లల్లో ఉప్పు వేసి బాగుచేసినాడు. మనమైతే ఆ రెండూ ఫ్లెక్సీ మీద ఫోటోతో సహా వేయించి సర్కిల్‌లో కట్టేవాళ్ళం. ఆ నౌకరుకి గుర్తున్నది మాత్రం, గురువు చేతులు కడుక్కుంటుంటే పక్కన నిలబడి నీళ్లు పోసినోడు అని. అది విని యెహోషాపాతు నవ్వలేదు, ఇతని దగ్గర యెహోవా వాక్కు ఉంది అన్నాడు, ముగ్గురు రాజులూ లేచి ఆయన దగ్గరికే పోయినారు. నీళ్లు దొరకని చోట నీళ్లు పోసినోడి పేరు రావడం చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది ఎప్పుడూ.

సరే, మా పిల్లోడి సంగతి. పేరు రాయను, వాడికి సిగ్గు. బైబిల్ కాలేజీ మూడో సంవత్సరం, సంఘంలో ఉండి నేర్చుకొని రమ్మని పంపించినారు. బ్యాగులో ల్యాప్‌టాప్, గ్రీకు నిఘంటువు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు నాలుగు. మా సంఘంలో ఇంకా పిడికెడు బియ్యం పద్ధతి ఉంది, ప్రతి ఇంట్లో అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి ఆదివారం తెచ్చి మందిరంలో ఇస్తారు. స్టోర్ బియ్యం, సోనామసూరి, నూకలు, కొందరివి జొన్నలు, అన్నీ కలిసిపోయి వస్తాయి. మొదటి సోమవారం పొద్దున నేను వాడి చేతికి చాట ఇచ్చినా. వాడి మొహం చూడాల్సింది.

"అమ్మా, నేను ఎక్సెజెసిస్‌లో ఫస్ట్ వచ్చినా" అన్నాడు, అంటే వాక్యాన్ని విడదీసి అర్థం చెప్పే చదువు.

"అట్లయితే రాళ్ళు ఇంకా బాగా కనపడతాయి నాయనా" అన్నా.

మొదటి రెండు వారాలు ముఖం గంటు పెట్టుకొనే ఏరినాడు. మూడో వారం నుంచి మాత్రం అడగడం మొదలుపెట్టినాడు, ఈ సంచి ఎవరిదమ్మా, ఈ బియ్యానికి కిరోసిన్ వాసన ఎందుకమ్మా, ఈ డబ్బా ఎప్పుడూ సగమే ఎందుకుంటుందమ్మా అని. ఒకరింటి సంచి పాత స్కూలు యూనిఫాం గుడ్డతో కుట్టింది, నీలం రంగు, జేబు కూడా అట్లనే ఉంటుంది దానికి. ఒక సోమవారం చాట కింద పెట్టి, "యూనిఫాం సంచి రెండు వారాల్నుంచి రాలేదమ్మా" అన్నాడు. నేనే గమనించలేదు, ఇరవై రెండేళ్ళ నుంచి ఏరుతున్నదాన్ని. సాయంత్రం అయ్యగారు, అంటే పాస్టరైన మా ఆయన, వాడ్ని బండి మీద ఎక్కించుకొని పోతే ఇంటికి తాళం, పిల్లల్ని తీసుకొని బెంగుళూరికి బిల్డింగ్ పనికి పోయినారంట, ముసలామెను మాత్రం వెనక వీధిలో ఒక రేకుల గదిలో వదిలి. ఆ రోజు నుంచి ప్రతి బుధవారం వాడు ఆ అవ్వ దగ్గరికి పోయి కూర్చొని వచ్చినాడు. ఎవరూ పొమ్మనలేదు.

ఇక వాడి మొదటి ప్రసంగం. ఎందుకు దాచాలి, ఘోరం. టీవీలో చూసిన ఒక పెద్ద బోధకుడిలాగా అరిచి, ప్రతి మాటకీ హల్లెలూయా చెప్పండి హల్లెలూయా చెప్పండి అని, మైకు కీచుమని కూసి, యాభై నిమిషాలు. అయిపోయినాక ముందు వరసలో కూర్చునే ఒక అవ్వ వాడి చెయ్యి పట్టుకొని, "బాగా చెప్పినావు నాయనా, మాకెవరికీ చెవుడు లేదు కానీ" అనింది. రాత్రి సంగటి ముందు కూర్చొని తలెత్తలేదు వాడు. అయ్యగారు ఏమీ అనలేదు, తన పాత నోట్‌బుక్ తెచ్చి తన మొదటి ప్రసంగం చదివి వినిపించినారు, దాంట్లో నోవహు ఓడకి కిటికీలు ఎన్ని అని పది నిమిషాలు వాదించి ఉన్నారు. నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి వచ్చింది. శెనక్కాయ ఊరిబిండి ఇంకో గరిటె వేయించుకొని తిన్నాడు ఆ రోజు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తుంది. మా వీధిలో కుళాయి రోజు మార్చి రోజు, కాబట్టి వాకిట్లో బానలో నీళ్లు, పైన చెంబు. అన్నం తిన్నాక అయ్యగారికి వాడే నీళ్లు పోసేవాడు, ఎవరూ నేర్పలేదు, పల్లె పిల్లోడు కదా. రెండో నెలలో ఒక రాత్రి వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అడిగినాడు, "అమ్మా, అయ్యగారికి షుగరా? చేతులు వణుకుతున్నాయి, బొటనవేలు పక్కన పుండు కూడా మానట్లేదు."

నా చేతిలో గిన్నె అట్లనే ఉండిపోయింది. సంఘంలో ఎవరికీ చెప్పలేదు మేము, మూడేళ్ళు. రోగుల కోసం ప్రార్థన చేసే మనిషి తానే మాత్రలు మింగుతున్నాడంటే ఏమనుకుంటారో అని. అది మా తప్పు, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. ముందు వరసలో కూర్చున్నోళ్ళకి కనపడనిది, కమిటీలో పక్కన కూర్చున్నోళ్ళకి కనపడనిది, నీళ్లు పోసినోడికి కనపడింది. ఎందుకంటే నీళ్లు పోసేటప్పుడు ఎవరైనా చూసేది చేతుల్నే. ఆ వచనంలో ఉన్నది వినయం ఒక్కటే అని ఇన్నేళ్ళు అనుకున్నా నేను. ఎలీషా పోసినాడు నిజమే, ఏలీయా తన చేతులు చాపినాడు కూడా కదా. ఏ చేతులవి? కర్మెలు కొండ మీద బలిపీఠం కట్టిన చేతులు, ఆ వెంటనే యెజెబెలు రాణికి భయపడి పరుగెత్తి బదరీ చెట్టు కింద పడుకొని నా ప్రాణం తీసుకో ప్రభువా అన్న మనిషి చేతులు. 1 రాజులు 19 మళ్ళీ ఒకసారి చదవండి. నేను ఒక్కడినే మిగిలినా అని ఏలీయా ఏడ్చినప్పుడు దేవుడు చెప్పిన జవాబులో ఎలీషా పేరు ఉంది. అంటే పన్నెండు అరకలు దున్నుతున్న ఆ పిల్లోడి మీద ఏలీయా దుప్పటి పడింది, శిష్యుడిగా పిలుపు వచ్చింది, గురువు గొప్పగా ఉన్న రోజుల్లో కాదు, కుంగిపోయిన రోజుల్లో. ఆ తర్వాత ఎలీషా పేరు 2 రాజులు 2 దాకా ఎక్కడా కనపడదు, రాజుల యుద్ధాలు ఉన్నాయి, నాబోతు ద్రాక్షతోట ఉంది, వీడు లేడు, "ఉపచారము" చేస్తున్నాడు. ఎన్నేళ్ళో బైబిల్లో లెక్క లేదు.

మా పిల్లోడు ఆ మాట బయట ఎక్కడా అనలేదు. అయ్యగారితో మాత్రం ఒకసారి అన్నాడంట, చెట్టు కింద ఏలీయాకి దేవదూత రొట్టె పెట్టి పడుకోనిచ్చినాడు, తిట్టలేదు కదా అయ్యగారూ అని. రెండు వారాలకి మా ఆయన పుల్పిట్ మీదే చెప్పేసినారు, నాకు షుగర్ ఉంది, ప్రార్థన చేయండి అని. కూడిక అయినాక ముగ్గురు వచ్చినారు, మాకూ ఉందయ్యా, ఎవరికి చెప్పాలో తెలీక ఊరుకున్నాం అని.

ఇది రాస్తుంటే ఇంకొకటి రాయకుండా ఉండలేను. ఇదే వచనం చెప్పి పిల్లోళ్ళని వాడుకునేవాళ్ళూ ఉన్నారు. మా ఆయన చిన్నప్పుడు ఒక పెద్ద పాస్టర్ గారి దగ్గర రెండేళ్ళు ఉన్నారు, స్కూటర్ కడగడం, పిల్లల్ని స్కూలుకి దింపడం, గ్యాస్ సిలిండర్ తేవడం, రెండేళ్ళలో ఒక్కసారి కూడా సంఘం ముందు వాక్యం చదవనివ్వలేదు, ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి ఏం నేర్చుకున్నావురా అని అడగలేదు, అడిగితే ఎలీషా నీళ్లు పోయలేదా అనేవాడంట. పోసినాడు స్వామీ, కానీ నీ చేతులు వాడికి ఎప్పుడు చూపించినావు? అయినా పై గదిలో పళ్ళెంలో నీళ్లు పోసింది ఎవరు, యోహాను 13 తీయండి, గురువే తువాలు కట్టుకొని వంగినాడు. మార్కు 3:14లో కూడా పన్నెండుమందిని పెట్టుకున్నప్పుడు మొదట రాసింది "తనతో కూడ ఉండునట్లును" అని, పంపడం ఆ తర్వాత మాట.

అందుకే మా ఆయన పట్టుబట్టి కొన్ని ముందే పేపర్ మీద రాయించినారు, ఆరు నెలలు, ఒక గది, బస్ ఛార్జీలు, నెలకి ఇంత అని చేతి ఖర్చు, నెలకొక ప్రసంగం, శుక్రవారం సాయంత్రం ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవాలి. ఆడవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఒంటరిగా పోకూడదు. కానుకలు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు పెద్దలతో పాటు వాడూ కూర్చోవాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి, ఇది గేహజీ కోసం. గేహజీ కూడా నౌకరుగా ఎలీషా పక్కనే తిరిగినోడే కదా, రెండు మణుగుల వెండికీ రెండు జతల బట్టలకీ ఆశపడి చెడిపోయినాడు, దగ్గరున్నంత మాత్రాన అయిపోదు.

కాలేజీ చదువు వద్దంటున్నానని అనుకోవద్దు. 1818లో మిషనరీ విలియం కేరీ గారు వాళ్ళు బెంగాల్ శ్రీరాంపూర్‌లో కాలేజీ పెట్టిన కాలం నుంచి ఆ చదువు ఉంది, అది లేకపోతే మా ఆయన నోవహు కిటికీల దగ్గరే ఆగిపోయేవారు. అటు చూస్తే లండన్ మిషన్ వాళ్ళు 1810లో బళ్లారికి, 1822లో కడపకి వచ్చినాక మన పల్లెల్లో సంఘాల్ని నిలబెట్టింది ఉపదేశులు. మా తాత గుత్తి దగ్గర ఒక పల్లెలో ఉపదేశి, పగలు బడి, రాత్రి గంట కొట్టి ప్రార్థన, అయ్యగారి ఎద్దుల బండి వెంట ఊరూరూ నడవడమే ఆయన ట్రైనింగ్. రెండూ కావాలి. బేతేలులో యెరికోలో ప్రవక్తల శిష్యులకి, అంటే ఆ కాలపు కాలేజీ పిల్లోళ్ళ లాంటోళ్ళకి, ఏలీయా ఆ రోజు పరలోకానికి వెళ్ళిపోతాడని సమాచారం ముందే ఉంది, యాభైమంది దూరంగా నిలబడి చూసినారు, యొర్దాను దాకా పక్కన నడిచింది మాత్రం ఎలీషా. కానీ తర్వాత అదే ఎలీషా వాళ్ళని వదిలేయలేదు, కరువులో వాళ్ళ కోసం పెద్ద కుండ పొయ్యి మీద పెట్టించినాడు. హాస్టల్ మెస్ తిండి మీద కంప్లయింట్ వచ్చిన మొదటి కథ కూడా అదే, కుండలో విషముందని అరిచినారు పాపం.

మోయాబు దారిలో ఆ రోజు ఎలీషా ఏం చెప్పినాడో తెలుసు కదా. ముందు వాద్యం వాయించేవాడ్ని పిలిపించమన్నాడు, కీబోర్డు తమ్ముళ్ళు సంతోషించొచ్చు. తర్వాత ఈ లోయలో గోతులు తవ్వండి అన్నాడు. గాలీ కనపడదు, వానా కనపడదు, అయినా నీళ్లు నిండుతాయి అని. మన వైపు ఉపాధి హామీ పనుల్లో తవ్విన పంట కుంటలు ఎండాకాలం చూస్తే నవ్వొస్తుంది, ఎర్రమట్టి గుంట, అంతే, మేకలు దిగి ఎక్కుతుంటాయి. ఒక ఇంటర్న్‌షిప్ పిల్లోడికి ఆరు నెలలు అన్నం పెట్టి బియ్యం ఏరించడం కూడా చూసేవాళ్ళకి అట్లనే ఉంటుంది. మా కమిటీలో ఒకాయన అడిగినాడు కూడా, వీడు రేపు ఇంకో సంఘానికి పోతాడు, మనకేం లాభం అని. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు, నాకైతే కోపం వచ్చింది, టీ ఇవ్వలేదు ఆయనకి.

నిన్న రాత్రి పిల్లోడు ఫోన్ చేసినాడు. చేరినా అమ్మా, అన్నం తిన్నా అమ్మా అన్నీ అయినాక, "ఈ సోమవారం బియ్యం ఎవరు ఏరినారమ్మా?" అన్నాడు. నేనేం చెప్పకుండా స్పీకర్ పెట్టి ఫోన్ అటు తిప్పినా. చాట ఒళ్ళో పెట్టుకొని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకొని, "ఇంకా సగం ఉందిరా, యూనిఫాం సంచి ఈ వారం కూడా రాలేదు" అన్నారు మా ఆయన.