జీలకర్ర బెల్లం వేళకి ఎక్కడ నిలబడతాడో అడగండి

మా చెల్లి పెళ్ళి మాఘంలో కుదిరింది. కల్యాణమండపం, వంటవాళ్ళు, సన్నాయి మేళం నాన్నగారూ చిన్నాన్నా చూసుకున్నారు. ఫొటోగ్రాఫర్ని మాట్లాడే పని మాత్రం నేను అడిగి మరీ తీసుకున్నాను. కారణం నా పెళ్ళి ఆల్బమ్.

అందులో జీలకర్ర బెల్లం ఫొటో ఒకటంటే ఒకటే ఉంది. సగం ఫొటో పురోహితుడి వీపు. పక్కన ఎవరిదో ఫోన్ ఎత్తిపట్టిన చెయ్యి. ఆ రెంటి సందులోంచి మా ఆయన తల మీద నా వేళ్ళు, తమలపాకు అంచు కనిపిస్తాయి. అడ్డుతెర దించినప్పుడు మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్న చూపు ఎక్కడా లేదు. తాళి కట్టేటప్పటివి మాత్రం కావలసినన్ని. తీసినాయన ఒడియా ఆయన, పనిమంతుడే. వాళ్ళ పెళ్ళిలో హాతగంఠి (వధూవరుల చేతులు కలిపి ముడివెయ్యడం), సిందూరం పెద్ద ఘట్టాలు. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని, హుళహుళి, అందుకున్నారంటే కెమెరా దానంతట అదే పైకి లేస్తుంది. మన దగ్గర సుముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే ఘడియేనని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మొదటి గట్టిమేళం మోగినప్పుడు ఆయన మండపం కింద లెన్సు మార్చుకుంటున్నాడట.

ఇంకొకటి కూడా ఉంది. నా బుగ్గచుక్క. మా అమ్మమ్మ దగ్గర కూర్చుని కాటుకతో పెట్టింది. ఆల్బమ్‌లో దగ్గరగా తీసిన ఫొటోలు వేటిలోనూ అది లేదు. ఎడిటింగ్ చేసినవాళ్ళు పుట్టుమచ్చ అనుకుని తుడిచేశారు. పసుపు రాసిన ముఖాన్ని తెల్లగా చేశారు, అదీ నాకు నచ్చలేదు. మా ఇంట్లో అందరం చామనఛాయ. ఫొటోలో ఎవరో వేరే ఇంటి పిల్లలా ఉన్నాను.

అందుకే చెల్లి పెళ్ళికి ముందుగానే తిరిగాను. మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఊరు అటు వెళ్ళింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. పెళ్ళి సామాను కొనడానికి మేం రెండు వైపులా తిరుగుతాం. చీరలకి బరంపురం, బంగారానికి ఒక్కొక్కరు ఒక్కోచోటు. ఫొటోగ్రాఫర్లూ అంతే. పర్లాకిమిడిలో స్టూడియోలున్నాయి, బరంపురం నుంచి పెద్ద టీములు వస్తాయి, పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం వాళ్ళు ఎలాగూ ఉన్నారు. భాష చూసి ఎంచుకోవడం కాదు. మన పెళ్ళి తంతు తెలిసిన ఒడియా కుర్రాళ్ళున్నారు, తెలియని తెలుగువాళ్ళూ ఉన్నారు. తెలుసుకోవాలన్న పట్టుదల ఉందా లేదా, అదే చూడాలి.

ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు ఇన్‌స్టాగ్రామ్ తెరిచి చూపిస్తారు. ఏడాది పొడుగునా తీసినవాటిలోంచి ఏరినవి కదా, అన్నీ బాగానే ఉంటాయి. నేను మాత్రం ఒక్కటే అడిగాను. "ఒక పెళ్ళి మొత్తం చూపించండి, మంగళస్నానం నుంచి అప్పగింతల దాకా. రాత్రి ముహూర్తం అయితే మరీ మంచిది." కొందరు వెంటనే లాప్‌టాప్ తిప్పి పెట్టారు. కొందరు కస్టమర్లు ఒప్పుకోరన్నారు. అది న్యాయమే, అలాంటప్పుడు ఆ ఇంటివాళ్ళని అడిగి చూపించమన్నాను. అడుగుతామని మళ్ళీ ఫోన్ చెయ్యనివాళ్ళని వదిలేశాను.

మొత్తం పెళ్ళి చూస్తే చాలా తెలుస్తుంది. హోమం పొగలో ముఖాలు కనిపిస్తున్నాయా? తాళి ముడులు పడ్డాయా? పెళ్ళికొడుకు వంగి కడుతుంటే ఎదురుగా నిలబడ్డవాడికి అతని భుజాలే దొరుకుతాయి. వెనక జడ ఎత్తిపట్టుకున్న ఆడపడుచు పక్కన ఇంకో మనిషి ఉంటేనే మూడు ముడులూ వస్తాయి. కాబట్టి ఫొటోలకి కనీసం ఇద్దరుండాలి, వీడియోవాళ్ళు కాక. తలంబ్రాల్లో గింజలు గాల్లో విడివిడిగా ఉన్నాయా, తెల్లటి గీతల్లా సాగిపోయాయా చూడండి. షటర్ నెమ్మదిగా పెట్టి తీస్తే గీతలే వస్తాయి. ఆఖరున, భోజనాల దగ్గర, విడిదింట్లో పెద్దవాళ్ళని తీశాడా లేదా చూడండి. వధూవరులని ఎవరైనా తీస్తారు. మూల కుర్చీలో కూర్చున్న మేనత్తని తీసినవాడికి పెళ్ళంటే ఏమిటో తెలుసు.

లైట్ల గురించి అడిగితే పనివాడెవరో ఇట్టే బయటపడుతుంది. ఈమధ్య డెకరేషన్ వాళ్ళు మండపం నిండా గులాబీ రంగు, నీలం రంగు ఎల్ఈడీలు పెడుతున్నారు. కంటికి బాగుంటుంది గాని పెళ్ళికూతురి చెంప ఒకటి గులాబీగా, ఒకటి నీలంగా వస్తుంది. తరవాత ఎంత దిద్దినా చర్మం రంగు సరిగా తిరిగి రాదు. రంగు షామియానా కింద ఫ్లాష్ పైకి కొడితే ఆ గుడ్డ రంగే ముఖాల మీద పడుతుంది. వెనకాల ఎల్ఈడీ తెర ఉంటే, షటర్ దానితో పొసగనప్పుడు ఫొటోకి అడ్డంగా చారలు పడతాయి. ఒకాయన "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అని ఊరుకున్నాడు. చివరికి మేం కుదుర్చుకున్న అబ్బాయి మాత్రం డెకరేషన్ వాళ్ళ నంబరు అడిగి తీసుకున్నాడు. ముహూర్తానికి ముందే రంగు లైట్లు ఆపేసి, మండపానికి రెండు పక్కలా ఒకే రకం మామూలు లైట్లు ఉంచాలని తనే వాళ్ళతో మాట్లాడాడు.

ఆ అబ్బాయిని కుదుర్చుకోవడానికి అసలు కారణం వేరే. తన కెమెరా సంగతి ఎత్తకముందే మమ్మల్ని ప్రశ్నలడిగాడు. "పెళ్ళికూతుర్ని బుట్టలో తెస్తారా, నడిపించుకొస్తారా? మేనమామలు ఎంతమంది? స్నాతకం ఉందా? అడ్డుతెర ఎవరు పట్టుకుంటారు?" ఇవన్నీ డైరీలో రాసుకున్నాడు. జీలకర్ర బెల్లం వేళకి ఎక్కడుంటావు బాబూ అని అడిగితే కాగితం మీద మండపం గీశాడు. వధూవరులు ఎదురెదురుగా, మధ్యలో తెర, ఒక పక్క పురోహితుడు. ఆయనకి ఎదుటి పక్కన చుక్క పెట్టి, "ఇక్కడ కింద కూర్చుంటాను. రెండు ముఖాలూ పక్కనుంచి పడతాయి, వెనక నుంచి చూసేవాళ్ళకీ నేను అడ్డుండను. కానీ ఈ చోటు మీరు నాకు కాపాడి పెట్టాలి" అన్నాడు.

ఆ మాటతో నాన్నగారు కూడా ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆయన మనసు డ్రోన్ తెస్తామన్నవాళ్ళ మీద ఉంది. చోటు కాపాడే పని చిన్నాన్నకి అప్పజెప్పాం. తెర దించేటప్పుడు ఫోన్లు పట్టుకుని మండపం ఎక్కొద్దని చుట్టాలందరికీ ముందే చెప్పించాం. దీన్ని నేను మరీ మరీ చెబుతాను. ఎంత మంచివాడు వచ్చినా, మనవాళ్ళు అడ్డం నిలబడితే అతను చెయ్యగలిగింది లేదు.

వచ్చేది ఎవరో తప్పకుండా అడగండి. మాఘ, ఫాల్గుణాల్లో మంచి ముహూర్తం ఒకటుంటే ఆ రాత్రి ప్రతి ఊళ్ళోనూ బాజాలే. ఒకే స్టూడియో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకుని, మనతో మాట్లాడినాయన ఒకచోటికి, అసిస్టెంట్లు మిగతా చోట్లకి వెళ్ళడం మామూలు. అసిస్టెంట్ వస్తే తప్పని కాదు, అతను తీసినవి కూడా చూపించమనాలి. మా సరిహద్దు ఊళ్ళకి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. శ్రావణంలో మనవాళ్ళకి పెళ్ళిళ్ళుంటాయి, ఒడియావాళ్ళు చాతుర్మాస్యమని సాధారణంగా పెట్టుకోరు. శ్రావణం పెళ్ళయితే పర్లాకిమిడి, బరంపురం వైపు మంచివాళ్ళు ఖాళీగా దొరుకుతారు, ధరలోనూ కాస్త తగ్గుతారు.

ప్రీ వెడ్డింగ్ మేం వద్దనుకున్నాం. గండాహతి జలపాతం దగ్గర, జిరంగ్ బౌద్ధ విహారం దగ్గర ఎన్ని జంటల ఫొటోలు చూపించారో. అందంగానే ఉన్నాయి. ఆ డబ్బుతో రెండో ఫొటోగ్రాఫర్ని పెట్టించుకున్నాం, చెల్లికీ అదే ఇష్టమైంది. "అప్పా, నాకు జలపాతం కంటే మన వీధిలో ఎదురుకోలు ఫొటోలే కావాలి" అంది.

ఇక కాగితాల సంగతి. వాట్సాప్‌లో పంపే కొటేషన్‌తో సరిపెట్టుకోకుండా ఒప్పందం రాయించుకోండి. ఎవరొస్తారు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా ఉంటారు, ఆల్బమ్ ఎన్ని షీట్లు, ఏ సైజు, షీటు పెరిగితే ఎంత, ఎన్నాళ్ళకి ఇస్తారు, అన్నీ అందులో ఉండాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద తొలి హక్కు తీయించుకున్నవాళ్ళదే, దానికి విరుద్ధంగా ఒప్పందం లేకపోతే. కాబట్టి సంతకం పెట్టేముందు హక్కులు స్టూడియోవేనన్న వాక్యం ఎక్కడైనా ఉందేమో చూడండి. పెళ్ళికూతురి ఫొటోలు అడక్కుండా తమ పేజీలో పెట్టుకోకూడదని మేం రాయించాం. ముఖాల రంగు మార్చకూడదనీ, బుగ్గచుక్క, కల్యాణ తిలకం తుడపకూడదనీ కూడా రాయించాను. ఆ అబ్బాయి ఏమీ అనకుండా రాసిచ్చాడు.

డబ్బు మూడు విడతలు: కొంత అడ్వాన్సు, కొంత పెళ్ళిరోజున, మిగతాది ఆల్బమ్ చేతికొచ్చాక. ఆఖరి విడత పెద్దదిగానే ఉంచాం. ఇచ్చినవాళ్ళకి నమ్మకం, తీసుకునేవాళ్ళకి పని పూర్తిచెయ్యాలన్న తొందర. దానికి బదులుగా మా వంతు ఆలస్యం చెయ్యలేదు. ఆల్బమ్‌కి ఫొటోలు ఏరివ్వడం పెళ్ళివారి పని. అది నెలల తరబడి నానుతుంది, నింద మాత్రం స్టూడియో మీద పడుతుంది. మేం నిద్రలు అయిపోగానే అందరం కూర్చుని ఏరేశాం.

కెమెరాలో రెండు కార్డులు పడతాయా, ప్రతి ఫొటో రెండింట్లోనూ రాసుకుంటుందా అని కూడా అడగండి. ఒక కార్డు పాడైతే పెళ్ళి మళ్ళీ చెయ్యలేం కదా. హార్డ్ డిస్కులు మేమే రెండు కొనిచ్చాం. ఒకటి పర్లాకిమిడిలో నాన్నగారి బీరువాలో ఉంది, ఇంకొకటి గుణుపురంలో మా మరిదిగారింట్లో.