ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్‌తో మొదటి ఏడాది: తూకం, కందెన, టైర్లు

మార్చి 2024

ఈ నెల రెండో శనివారం ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ తెచ్చుకున్నాం, ట్రక్కు వెనక లాక్కెళ్లి అందులోనే ఉండే చక్రాల ఇల్లు. సెకండ్ హ్యాండ్, 2017 మోడల్, 30 అడుగుల పొడవు, రెండు ఇరుసులు, ఒక స్లైడ్ అవుట్ (ఆపాక పక్కకు జరిపి చోటు పెంచుకునే గది భాగం). డాలస్‌లో మా కాలనీ రూల్స్ ప్రకారం ఇంటి ముందు పెట్టడానికి లేదు కాబట్టి పది మైళ్ల దూరంలో స్టోరేజ్ లాట్ అద్దెకు తీసుకున్నాను.

ఇంతకుముందు మూడేళ్లు మామూలు ట్రావెల్ ట్రెయిలర్ లాగాను. అది పికప్ ట్రక్కు వెనక బంపర్ కింద బంతికి తగులుకుంటుంది. 287 హైవే మీద పక్కగాలి కొట్టినప్పుడు, పెద్ద లారీ దాటి వెళ్లినప్పుడు దాని తోక ఊగేది. ఆ ఊపు స్టీరింగ్ దాకా వచ్చేది. ఫిఫ్త్ వీల్‌కు ఆ బాధ చాలా తక్కువ. దీని ముందు భాగం ట్రక్కు బెడ్ (వెనక సామాను తొట్టి) మీదకు వంగి ఉంటుంది. అందులోంచి కిందికి దిగే కింగ్‌పిన్ అనే లావాటి కడ్డీ, ట్రక్కు వెనక ఇరుసుకు సరిగ్గా పైన గానీ కొంచెం ముందుగా గానీ బిగించిన హిచ్ అనే తగిలింపు పరికరంలో కూర్చుంటుంది. బరువు ఇరుసు మీదే పడుతుంది కాబట్టి ట్రెయిలర్‌కు ట్రక్కు వెనక భాగాన్ని పక్కకు తోసే బలం అంతగా దొరకదు.

పేరు సంగతి చాలామంది అడుగుతున్నారు. నాలుగు చక్రాల గుర్రపు బళ్లలో ముందు ఇరుసు పక్కలకు తిరగడానికి చక్రంలాంటి పళ్లెం ఒకటి అడ్డంగా పడుకోబెట్టి ఉండేది. అదే ఐదో చక్రం. లారీల్లోకి, అక్కడి నుంచి ఈ ట్రెయిలర్లలోకి ఆ పేరే వచ్చింది.

ఏప్రిల్

ఈ నెలంతా తూకంతోనే గడిచింది. ఈ లాగ్‌లో ఒక్కటే చదివే టైమ్ ఉంటే ఈ భాగం చదవండి.

నా దగ్గరున్నది త్రీ క్వార్టర్ టన్ అనే మధ్య తరగతి డీజిల్ ట్రక్కు. అమ్మినతను బ్రోషర్ చూపించి, ఖాళీ బరువు 8,900 పౌండ్లు, పిన్ బరువు (కింగ్‌పిన్ ద్వారా ట్రక్కు మీద పడేది) 1,500, మీ ట్రక్కు హాయిగా లాగేస్తుందన్నాడు. లాగుతుంది, అందులో అబద్ధం లేదు. లాగే శక్తి వేరు, మోసే శక్తి వేరు. డ్రైవర్ డోర్ తెరిస్తే ఫ్రేమ్ మీద పసుపు రంగు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను, హిచ్, పిన్ బరువు అన్నీ కలిపి అంతకు మించకూడదని దాని అర్థం. నా ట్రక్కు స్టిక్కర్ మీద 2,350 ఉంది.

సామానంతా సర్దుకుని, ఇంటిల్లిపాదీ ఎక్కి, ట్యాంక్ నిండా డీజిల్ పోసి, ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ అనే లారీల కాటా మీదకు వెళ్లాను. ముందు చక్రాలు ఒక పళ్లెం మీద, వెనకవి రెండో దాని మీద, ట్రెయిలర్ చక్రాలు మూడో దాని మీద ఉండేలా ఆపాలి. 4,640, 5,740, 8,450 వచ్చాయి. మొత్తం 18,830. తర్వాత ట్రెయిలర్‌ను లాట్‌లో ఓ పక్కన విప్పేసి, అదే మనుషులతో ట్రక్కును ఒంటరిగా తూచాను. 8,230. ఇక లెక్క తేలిక. 18,830లోంచి 8,230 తీస్తే ట్రెయిలర్ అసలు బరువు 10,600. అందులో దాని చక్రాల మీద ఉన్న 8,450 తీసేస్తే పిన్ బరువు 2,150, అంటే సుమారు 20 శాతం. ఫిఫ్త్ వీల్‌కు 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలంటారు కాబట్టి ట్రెయిలర్ తూకం బాగానే ఉంది. సమస్య నా ట్రక్కుదే. అన్నీ కలిపి దాని మొత్తం బరువు పరిమితి 10,000. దాని నాలుగు చక్రాల మీద 10,380 పడుతోంది. 380 పౌండ్లు ఎక్కువ.

తగ్గించగలిగినంత తగ్గించాను. మంచం కింద స్టోరేజ్ మొత్తం ఇరుసులకు ముందే ఉంటుంది. అక్కడ పెట్టిన ప్రతి వస్తువూ పిన్ మీద భారమే. ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు రెండు, తడి గ్రైండర్, ఇనుప పెనాలు, నా టూల్ బాక్స్ అన్నీ అక్కడే ఉన్నాయి. నీళ్లు గాలను 8.3 పౌండ్లు తూగుతాయి, 50 గాలన్లంటే 400 పైమాటే. క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి ఉన్నప్పుడు నిండు ట్యాంక్‌తో బయలుదేరాల్సిన పని లేదు. ఇవన్నీ సర్దినా లెక్క సరిపోలేదు. పిల్లలు వెనక సీట్లో కూర్చునే బండి విషయంలో నాలుగు వందల పౌండ్లే కదా అనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మే

ట్రక్కు మార్చాం. పై తరగతి వన్ టన్, వెనక ఒంటి చక్రాలదే, స్టిక్కర్ మీద 3,640. ఖర్చు బాధగానే ఉంది. ట్రెయిలర్ కొనక ముందే నిండా సామానుతో దాని బరువెంత ఉంటుందో లెక్కేసుకుని ఉంటే ఈ ఖర్చు తప్పేది. కొనబోయేవాళ్లు బ్రోషర్‌లోని ఖాళీ బరువు పక్కన పెట్టి, సామానుతో సహా ట్రెయిలర్ ఉండగలిగిన గరిష్ఠ మొత్తం బరువులో ఐదో వంతు పిన్ బరువనుకుని లెక్క వేసుకోండి. బెడ్ ఆరున్నర అడుగులే కాబట్టి, మలుపులో ట్రెయిలర్ ముక్కు క్యాబ్ అద్దానికి తగలకుండా వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ వేయించాను.

తగిలించడం రెండు ఆదివారాలు ఖాళీ పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీస్ చేశాం. మొదట ట్రెయిలర్ చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మెలు. టెయిల్ గేట్ దించాలి. ట్రెయిలర్ ముందు కాళ్లు ఎత్తు సరిచేసి, కింగ్‌పిన్ పైనున్న పళ్లెం హిచ్ పళ్లెం కన్నా అర అంగుళం కిందుగా ఉండేలా చూడాలి. వెనక్కి వెళ్తుంటే హిచ్ దాన్ని కాస్త పైకెత్తుకుంటూ లోపలికి తీసుకోవాలి. రెండోసారి నేను ఎత్తు ఎక్కువ పెట్టాను. ఠక్కుమని శబ్దం వచ్చింది, హ్యాండిల్ కూడా మూసుకున్నట్టే కనిపించింది. టార్చ్ వేసి చూస్తే హిచ్ దవడలు పిన్ మెడను పట్టుకోలేదు, పిన్ అంచు వాటి పైన కూర్చుని ఉంది. అలాగే కదిలి ఉంటే ట్రెయిలర్ బెడ్ అంచుల మీద పడేది. శబ్దాన్ని నమ్మకండి. వంగి, లైటు వేసి, దవడలు పిన్ చుట్టూ మూసుకున్నాయో లేదో కళ్లతో చూడండి.

ఆ తర్వాత హ్యాండిల్‌కు చీల, బ్రేక్ అవే తీగ (ట్రెయిలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసేది), ఏడు పిన్నుల కరెంటు ప్లగ్గు, టెయిల్ గేట్ మూయడం. అప్పుడు దిమ్మెలు తీయకుండా, ముందు కాళ్లు నేలకు అంగుళం ఎత్తులో ఉండగానే, ట్రెయిలర్ బ్రేకును చేత్తో నొక్కి పట్టి ట్రక్కును మెల్లగా ముందుకు లాగి చూడాలి. ఊడేదైతే అక్కడే ఊడుతుంది, కాళ్ల మీద పడుతుంది. కాళ్లు పూర్తిగా ఎత్తడం, దిమ్మెలు తీయడం దాని తర్వాతే.

జూన్

నాన్న ఊరి నుంచి వచ్చారు. ప్రకాశం జిల్లాలో నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. ట్రెయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి, వంగి ఇరుసుల వైపు చూసి, అడిగిన మొదటి మాట: "మెడ మీద ఎంత పడుద్దిరా?"

నేను ఏప్రిల్ నెలంతా తూకాలు వేసి నేర్చుకున్న విషయం అదే. రెండెడ్ల బండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు పట్టేస్తుంది. ముందు ఎక్కువైతే మెడ మీద పడి కాయ కాస్తుంది. గడ్డి వేసినా, వడ్ల బస్తాలు వేసినా, నొగ పట్టి ఎత్తి చూసి సర్దుకునేవాళ్లమని చెప్పారు.

ఆయన్ను తీసుకుని టెక్సోమా చెరువు ఒడ్డున డెనిసన్ దగ్గరి ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్‌కు వెళ్లాం. వెనక్కి పెట్టడం అక్కడే అలవాటైంది. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టుకుంటే, చెయ్యి ఎటు వెళ్తే ట్రెయిలర్ తోక అటు వెళ్తుంది. ఫిఫ్త్ వీల్ పాత ట్రెయిలర్ కన్నా నిదానంగా తిరగడం మొదలుపెడుతుంది, కాబట్టి తొందరపడి ఇంకా తిప్పకూడదు. మా ఆవిడ వెనక నిలబడి ఫోన్ స్పీకర్‌లో చెబుతుంది. "ఆగండి" అంటే కారణం అడగకుండా ఆగిపోవాలన్నది మా ఒప్పందం. పైన చెట్టు కొమ్మలు కూడా ఆమే చూస్తుంది. మా ట్రెయిలర్ ఎత్తు 12 అడుగుల 9 అంగుళాలు, ఏసీ మూతతో కలిపి టేపు పెట్టి కొలిచి డ్యాష్‌బోర్డ్ మీద అంటించాను. పెట్రోల్ బంకు రేకు కిందకు వెళ్లేముందు ఆ అంకె చూస్తాను.

జులై

బేరింగులు. ఏడాదికో 12,000 మైళ్లకో, ఏది ముందైతే అప్పుడు విప్పి చూడాలన్నది ఇరుసు తయారీదారుల మాట. పాత యజమాని ఎప్పుడు చేశాడో తెలియదు కాబట్టి నాలుగూ విప్పాను. నాన్న స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. జాక్‌ను ఇరుసు గొట్టం కింద పెట్టకూడదు, వంగుతుంది. స్ప్రింగులు తగిలే చోట ఫ్రేమ్ కింద పెట్టి, స్టాండ్లు వేశాను.

మూత, చీల, నట్టు, వాషరు తీస్తే బయటి బేరింగు చేతిలోకి వస్తుంది, డ్రమ్ము మొత్తం ఊడివస్తుంది. లోపలి బేరింగు సీలు వెనక ఉంటుంది. సీలు పాడు కాకుండా రాదు, కొత్తవి ముందే తెచ్చుకోవాలి. కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి రోలర్లను వెలుగులో చూశాను. గుంటలు, నీలం మచ్చలు ఉంటే బేరింగునూ, అది కూర్చునే కప్పునూ కలిపి మార్చాలి. నావి శుభ్రంగా ఉన్నాయి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపు అంచుతో దాన్ని కోసినట్టు నొక్కుతూ ఉంటే రోలర్ల మధ్య నుంచి పైకి ఉబుకుతుంది. అలా చుట్టూ రావాలి.

నాన్న ఇక ఆగలేకపోయారు, ఒకటి తీసుకుని ఆయనే నింపారు. వాళ్ల రోజుల్లో గడ్డి కాల్చిన మసిని ఆముదంతో నూరి కందెన చేసేవారట. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత నేను విన్నదే గానీ, ఇరుసుకు కందెన పూసిన చేతులు బేరింగు నింపుతుంటే చూడటం నాకు మొదటిసారి. ఆయన నింపిన దాంట్లో ఎక్కడా ఖాళీ లేదు.

నట్టు బిగించేటప్పుడు డ్రమ్ము తిప్పుతూ 50 ఫుట్ పౌండ్ల దాకా బిగించి, వదులు చేసి, మళ్లీ వేళ్లతో ఎంత బిగుస్తుందో అంతే బిగించి చీల వేశాను.

మూడో చక్రంలో అసలు సమస్య బయటపడింది. బ్రేకు షూలు గ్రీజులో మునిగి ఉన్నాయి. ఇరుసు చివర నిపిల్ ఉంటుంది, గ్రీజు గన్‌తో కొడితే గ్రీజు లోపలికి వెళ్తుంది. ఎవరో చక్రం తిప్పకుండా, బలంగా కొట్టారు, సీలు దాటి బ్రేకుల మీద పడింది. గ్రీజు తాగిన షూ కడిగినా బాగుపడదు. షూలు, కరెంటుతో బ్రేకు పట్టించే మాగ్నెట్, స్ప్రింగులు అన్నీ కలిసి వచ్చే పూర్తి ప్లేటు కొన్నాను. 12 అంగుళాల వాటికి ఐదు బోల్టులు, రెండు వైర్లు, అంతే పని. కుడి ఎడమలు వేరు, ఆర్డర్ చేసేటప్పుడు చూసుకోండి. చక్రం నట్లు నక్షత్రం వరుసలో 110 ఫుట్ పౌండ్లు బిగించాను. 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ టార్క్ రెంచ్ పెట్టాలి. 25 మైళ్ల దగ్గర రెండు నట్లు నిజంగానే కాస్త తిరిగాయి.

ఆగస్టు

టైర్లు మార్చాను. గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. పక్కన అచ్చు చివరి నాలుగు అంకెలు 1817. అంటే 2017లో 18వ వారం, ఏడేళ్లు దాటింది. ట్రెయిలర్ టైరు అరిగి పోవడం తక్కువ, ఎండకు, వయసుకు లోపలి పొరలు విడిపోయి పేలడం ఎక్కువ. పేలితే కింద నేలనూ, గొట్టాలనూ చీల్చేస్తుంది. కొత్తవి లోడ్ రేంజ్ ఇ (టైరు మోసే బరువు తరగతి), ఉదయం చల్లగా ఉన్నప్పుడు గాలి 80 పీఎస్ఐ. దారిలో వేడెక్కి పెరిగినప్పుడు గాలి తీయకూడదు. ప్రెషర్ సెన్సార్లు పెట్టాను. వేగం 62 మైళ్లు దాటను.

అక్టోబర్

అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్. 287 మీద ఎదురుగాలి, గాలనుకు 8 మైళ్లే వచ్చాయి. పార్కులోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. దిగడం మొదలవకముందే టో మోడ్ (బరువు లాగేటప్పటి సెట్టింగు), తక్కువ గేరు, ఇంజన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్. బ్రేకు మీద కాలు అలాగే ఆనించి ఉంచకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయడం, మళ్లీ అవసరమైతే నొక్కడం.

కిందకు చేరాక దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటరుతో ట్రెయిలర్ చక్రాల హబ్బులు (మధ్య భాగాలు) చూశాను. మూడు బాగా వేడిగా ఉన్నాయి. నాలుగోది చల్లగా ఉంది. వేడెక్కిన చక్రాన్ని అందరూ పట్టించుకుంటారు. ఇంత వాలు దిగాక చల్లగా ఉన్న చక్రమంటే దాని బ్రేకు పనిచేయలేదని. పడుకుని చూస్తే మాగ్నెట్ వైరు జాయింటు దగ్గర తెగింది. నీళ్లు పోని క్రింప్ కనెక్టర్ వేసి, ఆ ఎర్ర గోడల మధ్య చీకటి పడేలోపు పూర్తి చేశాను.

డిసెంబర్

పైకప్పు ఎక్కి గొట్టాల చుట్టూ, వెంటిలేటర్ల చుట్టూ చూశాను. ఒకచోట వెంట్రుకంత పగులు. శుభ్రం చేసి, ఆరాక, తనంతట తానే సర్దుకుపోయే డైకార్ సీలెంట్ పోశాను. సిలికాన్ వాడొద్దు, దాని మీద తర్వాత ఏదీ అంటుకోదు.

వాటర్ హీటరు స్విచ్ ఆపి, చల్లారాక, ప్రెషర్ వదిలి, ట్యాంకు బదులు తాను తుప్పు పట్టే యానోడ్ కడ్డీ తీశాను. ముప్పావు వంతు తినేసి ఉంది, మార్చాను. హీటరును బైపాస్ చేసి, చలికి గొట్టాలు గడ్డకట్టి పగలకుండా వాటిలో గులాబీ రంగు ఆర్‌వీ (చక్రాల ఇళ్ల) యాంటీఫ్రీజ్ నడిపాను. ప్రతి కుళాయిలోనూ, షవర్‌లోనూ, టాయిలెట్‌లోనూ గులాబీ రంగు వచ్చేదాకా. రెండున్నర గాలన్లు పట్టింది. టెక్సస్‌లో ఇంత అవసరమా అని పక్క లాట్ ఆయన అడిగాడు. 2021 ఫిబ్రవరిలో ఇదే డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్ పడింది, ఎన్నో ఇళ్లలో గొట్టాలు పగిలాయి.

ఇక మిగిలింది స్ప్రింగుల బోల్టులు. కంపెనీ వేసిన ప్లాస్టిక్ బుష్‌లు అరిగి రంధ్రాలు కోలగా అవుతున్నాయి. కాంస్యం బుష్‌లు, గ్రీజు పోయే బోల్టులు తెప్పించాను. నిన్న వీడియో కాల్‌లో నాన్నకు చూపిస్తే, "వాటిక్కూడా కందెన పోయే దారి పెట్టారా, మంచిది" అన్నారు. డబ్బా గ్యారేజీలో ఉంది. జనవరిలో కాస్త ఎండ కాసే శనివారం దొరకగానే ఎడమవైపు నుంచి మొదలుపెడతాను.