మే నెల ఎండలో మా కారుకు చలి

నెల రోజులు మా పాత పెట్రోల్ కారు ఎక్కాలంటేనే భయమేసింది. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, ఎక్సలేటర్ మీద కాలు లేకున్నా ఇంజిన్ రేస్ అయ్యేది. 800 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం ముల్లు 1,800 మీద నిలబడేది. ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెం వదలగానే బండి ముందుకు ఉరికేది. ఒకరోజు సరిగ్గా ఎదురుగా మామిడిపండ్ల తోపుడుబండి, దాని పక్కన ఒక ముసలవ్వ. బ్రేక్ మీద నిలబడిపోయాను. ఇంటికొచ్చినా చేతుల వణుకు తగ్గలేదు.

ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకాయన థ్రాటిల్ బాడీ కడిగాడు, ఇంకొకాయన ఎక్సలేటర్ కేబుల్ మార్చాడు. ఇంజిన్ లైట్ వెలుగుతోంది కదా అంటే, "పాత బండ్లల్ల అది అట్లనే ఉంటది సార్" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అసలు సంగతి చెప్తున్నది ఆ లైటే.

మిర్యాలగూడ నుంచి వచ్చిన మా బావమరిది స్టీరింగ్ కింద చిన్న స్కానర్ గుచ్చి ఫోన్ నా చేతికిచ్చాడు. "బావా, ఇది చూడు." లోపం కోడ్ పి0118. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్: మైనస్ 40 డిగ్రీలు. బానెట్ మీద చెయ్యి పెట్టలేనంత ఎండలో!

కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్‌లో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. లోపల తెగిపోయిందంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, అది గడ్డకట్టే చలిలాగే కనిపిస్తుంది. చల్లటి ఇంజిన్ ఆగిపోకుండా పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఐడ్లింగ్ (కాలు పెట్టకున్నా ఇంజిన్ తిరిగే వేగం) పెంచుతుంది. మైలేజ్ ఎందుకు పడిపోయిందో, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన ఎందుకొస్తోందో అప్పుడు అర్థమైంది.

వెంటనే సెన్సర్ కొనలేదు, తప్పు వైరింగ్‌లో కూడా ఉండొచ్చు కదా. బావమరిది సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, దాని రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపాడు. ఫోన్‌లో అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా వంద దాటేసింది. అంటే వైర్లు, ఈసీయూ బాగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, థర్మోస్టాట్ పక్కనున్న సెన్సర్ విప్పాం. వేడి మీద విప్పితే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది, ఆ తొందర ఎవరూ పడకండి. పాతదాన్ని మల్టీమీటర్‌కు పెడితే అంకే రాలేదు, అంటే లోపల తెగిపోయింది. కొత్తదాన్ని కుండనీళ్ల గ్లాసులో ముంచితే 2,000 ఓమ్‌ల దగ్గర చూపించింది. మా ఆవిడ పొయ్యి మీది నీళ్లు పోస్తుంటే అంకె గబగబా దిగి 300 దగ్గర ఆగింది. మా బాబు "మళ్లీ చెయ్ మామా" అని మూడుసార్లు చేయించాడు.

కొత్తది బిగించి, తగ్గిన కూలెంట్ నింపి, అందులో చిక్కిన గాలి తీసి, కోడ్ చెరిపేశాం. సాయంత్రం నేనొక్కణ్నే మిర్యాలగూడ రోడ్డెక్కాను. తిప్పర్తి చేరకముందే టెంపరేచర్ ముల్లు సగానికొచ్చి కుదురుకుంది. తిరిగొచ్చేటప్పుడు క్లాక్ టవర్ దగ్గర ఆగాను. ముల్లు 800 మీదే ఉంది.