శనగలు నానబెట్టని రాత్రి

రాత్రి తొమ్మిది కావస్తోంది. కుక్కర్ మూడోసారి పొయ్యి ఎక్కి దిగింది. మూత తీసి ఒక శనగ గింజ నోట్లో వేసుకుంటే పంటి కింద టక్కుమంది. మా పెద్దదానికి ఎనిమిదేళ్లు. ఖాళీ కంచం ముందు కూర్చుని, "నాన్నా, ఇవి రేపటికా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. చిన్నోడు అప్పటికే సోఫాలో నిద్రపోయాడు. ఆ రాత్రి మా భోజనం పాలు, బిస్కెట్లు.

మా ఆవిడకి సాయంత్రం షిఫ్టు పడడంతో మొదలైంది ఇదంతా. అప్పటిదాకా వంటింట్లో నా వాటా ఆదివారం ఆమ్లెట్, అంతే. మొదటి నెలంతా బయటి నుంచి తెప్పించుకున్నాం. నెలాఖరున లెక్క చూసుకుంటే తిండి ఖర్చు అంతకుముందు నెలకి రెట్టింపు దాటింది. "ఇలాగైతే నా షిఫ్టు అలవెన్సు మొత్తం ఆ ప్లాస్టిక్ డబ్బాలకే సరిపోతుందండీ" అంది తను. కాదనడానికి నా దగ్గర మాట లేదు. సరే, నేనే వండుతానన్నాను.

చౌకగా, తేలిగ్గా అయ్యే ఇంటి వంటల కోసం వెతికితే వందల కొద్దీ దొరికాయి. పదిహేను నిమిషాల్లో అయిపోతుందని ప్రతిదాని నెత్తిమీదా రాసి ఉంది. లోపలికి వెళ్తే మొదటి వరుసలోనే "ఉడికించిన శనగలు రెండు కప్పులు", "చల్లారిన అన్నం మూడు కప్పులు", "బంగారు రంగు వచ్చేదాకా వేయించిన ఉల్లిపాయలు". ఆ "ఉడికించిన" అనే ఒక్క మాట వెనక పన్నెండు గంటలు దాక్కుని ఉన్నాయని ఎవరూ రాయలేదు. చౌక తిండికి కావలసింది చేతి నేర్పు కాదు, ముందురోజు రాత్రి అయిదు నిమిషాలు. ఇది నాకు ఎక్కడానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

ఆ శనగల సంగతి మర్నాడు అమ్మకి ఫోన్లో చెప్పాను. "ఏ రోజు కొన్నావురా ఆ గింజలు?" అంది. "తెలీదమ్మా, డబ్బాలో ఉన్నాయి." "మీ పెళ్లినాటివేమో చూడు."

ఎగతాళే అయినా అందులో సగం నిజం. ఎండు గింజలు పాడవవని అనుకుంటాం గానీ, వేడిగా, చెమ్మగా ఉండే చోట ఏళ్ల తరబడి ఉంటే వాటి లోపలి నిర్మాణం గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఉడికించినా లొంగవు. నేను చేసిన తప్పు అదొక్కటే కాదు. నానబెట్టకుండా నేరుగా కుక్కర్లో వేశాను. పైగా మొదట్లోనే మూడు టమాటాలు కోసి అందులో పడేశాను, ఒకే గిన్నెలో పనైపోతుందని. పులుపు తగిలితే గింజ మెత్తబడదు. గింజ కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు మామూలు నీళ్లలో ఉడికితే కరుగుతుంది, పుల్లటి నీళ్లలో బిగుసుకుని కూర్చుంటుంది. టమాటా గానీ నిమ్మరసం గానీ గింజ పూర్తిగా మెత్తబడ్డాకే వెయ్యాలి. ముసలి గింజలు, నానలేదు, పైగా పులుపు. మూడు నేరాలూ ఒకే రాత్రి చేశానన్నమాట.

కొత్త పొట్లం తెచ్చి మళ్లీ మొదలుపెట్టాను. లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా ఉప్పు కలిపి, రెండు కప్పుల శనగలు పోసి, రాత్రి పడుకునే ముందు మూత పెట్టేశాను. ఉప్పేస్తే గింజ గట్టిపడుతుందని చాలామంది అంటారు. నా అనుభవంలో దానికి తలకిందులుగా జరిగింది, పొట్టే మెత్తబడింది. పొట్టులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం స్థానంలోకి ఉప్పులోని సోడియం చేరడమే కారణం. తెల్లారి చూస్తే గిన్నె నిండిపోయి గింజలు మూతని పైకి నెడుతున్నాయి. వేళ్ల మధ్య ఒకటి నొక్కితే రెండు బద్దలుగా విడిపోయింది. నీళ్లు పారబోసి, కడిగి, కొత్త నీళ్లతో కుక్కర్లో పెట్టాను. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి పదిహేను నిమిషాలు. మీ కుక్కర్ తీరు వేరే కావచ్చు, రెండుసార్లు వండితే తెలిసిపోతుంది. నీళ్లలో సున్నం ఎక్కువగా ఉండే ఇళ్లలో పావు చెంచా వంటసోడా వేస్తే పని తొందరగా అవుతుంది. చెయ్యి జారి ఎక్కువైతే మాత్రం సబ్బు నమిలినట్టుంటుంది, అది కూడా నేను నమిలి చూసిందే.

ఉడికిన గింజలు చేతిలో ఉంటే మిగతాది నిజంగానే ఇరవై నిమిషాల పని. రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నూనెలో మగ్గబెట్టి, ఒక చెంచా జీలకర్ర, మూడు టమాటాలు వేసి ముద్దయ్యేదాకా ఉంచాలి. రెండు కప్పుల శనగలు, అవి ఉడికిన నీళ్లు ఒక కప్పు పోసి, గరిటె వెనకవైపుతో పావు వంతు గింజల్ని గిన్నె అంచుకి నొక్కి చిదపాలి. చిక్కదనం దానంతటదే వస్తుంది, క్రీమూ అక్కర్లేదు, జీడిపప్పూ అక్కర్లేదు. అన్నంలోకైనా రొట్టెలోకైనా సరిపోతుంది. మిగిలిన గింజలు ఉడికిన నీళ్లతో సహా చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో పెడతాను. ఆ డబ్బాలే ఇప్పుడు మా ఇంటి బ్యాంకు డిపాజిట్.

తర్వాత వచ్చింది రాజ్మా. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే పస్తుతో పోదు.

ఎవరో బహుమతిగా ఇచ్చిన స్లో కుక్కర్ ఒకటి అటకమీద పడి ఉంది. పొద్దున్నే గింజలు వేసేస్తే సాయంత్రానికి ఉడికిపోతాయి కదా అని, ఎర్ర రాజ్మా రాత్రి నానబెట్టి, పొద్దున అందులో వేసి, తక్కువ వేడిమీద పెట్టి ఆఫీసుకి వెళ్లాను. సాయంత్రం వచ్చి నాలుగైదు గింజలు తిని చూశాను. కొంచెం పలుకుగా ఉన్నాయి, ఇంకో గంట ఉంచుదామనుకున్నాను. రెండు గంటలు గడిచేసరికి బాత్రూంలో నేల మీద కూర్చుని ఉన్నాను. వాంతులు ఎంత గట్టిగా అయ్యాయంటే పక్కటెముకలు రెండు రోజులు నొప్పెట్టాయి. రుచి చూసింది నేనొక్కణ్ణే కావడం పిల్లల అదృష్టం.

కోలుకున్నాక చదివాను. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం సహజంగానే ఉంటుంది. పచ్చివి నాలుగైదు గింజలు చాలు మనిషిని పడెయ్యడానికి, ఒకటి నుంచి మూడు గంటల్లో మొదలవుతుంది. మరుగుతున్న నీళ్లలో కనీసం పది నిమిషాలు కుతకుతలాడితే అది నశిస్తుంది. కొందరు అరగంట ఉంచమంటారు, నేను ఆ పక్షమే. అసలు మెలిక ఇదీ: 80 డిగ్రీల దగ్గర నెమ్మదిగా ఉడికితే విషం పోకపోగా పచ్చి గింజల కంటే అయిదు రెట్లు పెరగవచ్చు. నా స్లో కుక్కర్ ఆ పనే చేసిపెట్టింది. కనీసం అయిదు గంటలు నానబెట్టు, ఆ నీళ్లు పారబొయ్యి, కొత్త నీళ్లలో తెర్లబెట్టు. లేదా ప్రెషర్ కుక్కర్లో పెట్టు, అందులో వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి బెంగ లేదు. స్లో కుక్కర్ మళ్లీ అటకెక్కింది.

పెరుగు కథ ఇంత భయంకరం కాదు గానీ ఎక్కువ రోజులు సాగింది. ఇంట్లో పాలు మిగులుతూనే ఉన్నాయి, పెరుగు మాత్రం కొంటూనే ఉన్నాం. తోడు పెట్టడంలో ఏముంది అనుకున్నాను. మొదటి రాత్రి కాగిన పాలలో వెంటనే తోడు వేశాను. తెల్లారి పాలు పాలుగానే ఉన్నాయి, అడుగున తోడు తునకలు. తోడులోని సూక్ష్మజీవుల్ని వేడిపాలలో ముంచి చంపేశానన్నమాట. రెండో రాత్రి భయంతో పూర్తిగా చల్లారబెట్టి వేశాను. ఈసారి సగం తోడుకుని, సగం నీళ్లు. మూడో రాత్రి సరిగ్గానే వేసి, నిద్రపట్టక గంటకోసారి గిన్నె కదిపి చూశాను. "పసిపిల్లాణ్ణి నిద్రపుచ్చి తట్టి లేపుతావా?" అంది అమ్మ.

అమ్మ దగ్గర థర్మామీటర్ లేదు, వేలుంది. శుభ్రంగా కడిగిన చూపుడువేలు పాలలో పెట్టి పది లెక్కపెట్టు, పదో అంకె దగ్గర ఇక తియ్యాలనిపిస్తే అదే వేడి. తర్వాత వంట థర్మామీటర్ కొన్నాక సరిచూశాను, ఆమె వేలు చెప్పింది 44 డిగ్రీలు. పెరుగులోని జీవులకి అచ్చంగా నప్పే వేడి 40 నుంచి 45 మధ్యే. పాలు బాగా కాగాలి, పొంగు వచ్చాక ఇంకో అయిదు నిమిషాలు సన్నమంట మీద ఉంచితే పెరుగు గడ్డగా తోడుకుంటుంది. అరలీటరు పాలకి ఒక చెంచా తోడు. చెంచాకి మించి వేస్తే పులుపెక్కుతుంది. గిన్నెకి తువ్వాలు చుట్టి, గాలి తగలని మూల పెట్టి, ఆ గదిలోకి వెళ్లకుండా ఉండడం. నాకు అన్నిటికంటే కష్టమైంది ఆఖరిదే.

గుడ్లు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు. ముందురోజు ఏమీ చెయ్యనివాడిని కాపాడేవి ఈ మూడే. శనగలు నానబెట్టడం మర్చిపోయిన రోజున మా ఇంట్లో అయ్యే వంట చెబుతాను. మూడు దుంపలు పల్చటి బిళ్లలుగా, ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా కోసి, పెనంలో ధారాళంగా నూనె పోసి, మూతపెట్టి చిన్నమంట మీద మగ్గనివ్వాలి. వేగకూడదు, మగ్గాలి, పావుగంట పడుతుంది. అయిదు గుడ్లు ఉప్పు వేసి గిలక్కొట్టి, నూనె వార్చిన దుంపల్ని అందులోనే కలిపి, పది నిమిషాలు పక్కన పెట్టాలి. ఆ పది నిమిషాలు వదిలెయ్యొద్దు, దుంప గుడ్డుని పీల్చుకునేది అప్పుడే. మళ్లీ పెనంలో పోసి, అంచులు గట్టిపడ్డాక పెనం మీద కంచం బోర్లించి తిరగెయ్యాలి. మొదటిసారి తిరగేసినప్పుడు సగం నేలపాలైంది, మిగతా సగాన్ని "ఇదొక కొత్త రకం" అని పిల్లలకి పెట్టాను. పచ్చబారిన దుంపలు మాత్రం వాడను, చేదుగా ఉంటాయి, కడుపుకీ మంచివి కావు.

ఉల్లిపాయల విషయంలో వంటలు రాసేవాళ్లందరి మీదా నాకొక ఫిర్యాదు ఉంది. "అయిదు నిమిషాలు వేయించండి, బంగారు రంగు వస్తుంది" అని రాస్తారు. రాదు. అయిదు నిమిషాల్లో చెమ్మగిల్లుతాయి. నెమ్మదిగా తీపి దిగి బాగా ఎర్రబడాలంటే అరగంట పైనే. నేను ఆదివారం ఒకేసారి కిలో ఉల్లిపాయలు వేయించి డబ్బాలో పెట్టుకుంటాను. వారమంతా ఏ గిన్నెలో ఒక చెంచా వేసినా, వంట బాగా తెలిసినవాళ్లెవరో వండినట్టుంటుంది.

మిగిలిన అన్నం గురించి ఒక్క మాట. రాత్రి వండిన అన్నం పొయ్యి మీదే వదిలేసి తెల్లారి వేడిచేసుకునే అలవాటు నాకుండేది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో అవి లేచి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. రాజ్మా దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి దీన్ని వెంటనే నమ్మాను. ఇప్పుడు మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, గంటలోపు ఫ్రిజ్‌లోకి తోసి, మర్నాటికల్లా అవగొడతాను. చల్లబడ్డ అన్నం మెతుకు మెతుకూ విడిగా ఉంటుంది, గుడ్డుతో వేయించడానికి అంతకంటే మంచిది లేదు.

ఆరో నెలకి తిండి ఖర్చు పాత లెక్కకి దిగింది, ఇంకా కొంచెం కిందికే. మా ఆవిడ షిఫ్టు మళ్లీ పగటికి మారింది. రాత్రి నానబెట్టే పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, తను అడగలేదు, నేను ఇవ్వనూ లేదు.

బ్రెడ్ సంగతి అడక్కండి. నాలుగుసార్లు చేశాను. నాలుగోదాన్ని మా పెద్దమ్మాయి తీసుకెళ్లి బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. రెండు వానలు తడిసినా ఇంకా అక్కడే ఉంది.